తొమ్మిది దెబ్బలకు లెక్కలేదు

రాజపాళయం పక్కనున్న మా సత్రపట్టి పేరు చెబితే బయటివాళ్లకు ఆసుపత్రి బ్యాండేజీ గుడ్డే గుర్తొస్తుంది. స్వాతంత్ర్య పోరాటం మాటెత్తితే మాత్రం ఈ ప్రాంతంలో ముందు వినపడేది పూసపాటి వారి బిడ్డ పి.ఎస్. కుమారస్వామి రాజా పేరు. గాంధీజీ బాటలో జైలుకెళ్లి, 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రాన్ని నడిపారు. సొంత ఇంటిని గాంధీ కళా మండ్రానికి రాసిచ్చారు. ఆయన పేరు నిలవడానికి దరఖాస్తు అక్కర్లేదు. అలాంటి పెద్దల వెంట నడిచిన పల్లె జనానికి అక్కరపడింది.

1972లో, స్వాతంత్ర్య రజతోత్సవానికి, కేంద్రం సమరయోధులకు పింఛను మొదలుపెట్టింది. 1980 ఆగస్టు 1 నుంచి ఆదాయ పరిమితి ఎత్తేసింది. నియమాలు మాత్రం గట్టివి. కనీసం ఆరు నెలలు జైల్లో ఉండాలి. ఆడవాళ్లకు, దళితులకు, గిరిజనులకు మూడు నెలలు. కొరడా శిక్ష అయితే పది దెబ్బలు. అంటే తొమ్మిది తిన్నవాడికి లెక్కలో చోటు లేదు! కాల్పుల్లో పోయినవాళ్ల కుటుంబాలకూ హక్కుంది, కానీ దేనికైనా రుజువు చూపాల్సింది అడిగేవాళ్లే.

ఆ రుజువు ఎక్కడని వెతకాలి? 1985లో విరుదునగర్ విడి జిల్లా అయ్యేదాకా మనది రామనాథపురం జిల్లా. దాని కలెక్టరాఫీసేమో మదురైలో ఉండేది. పైగా మన ఇంటిపేరు కాగితంలో ఒక్క పొడి అక్షరమైపోతుంది. పూసపాటి అయినా, 'ప'తో మొదలయ్యే మరే ఇంటిపేరైనా అక్కడ 'పి' మాత్రమే. ఒకే పేరున్న ఇద్దరిలో జైలుకెళ్లిందెవరో గుమాస్తా ఎలా తేలుస్తాడు?

పేర్లు పోకుండా నిలిచిన ఊరూ ఒకటుంది. ఉసిలంపట్టి దగ్గర పెరుంగామనల్లూరులో 1920 ఏప్రిల్ 3న, బ్రిటిష్ వారి నేరస్థ తెగల చట్టాన్ని ఎదిరించినందుకు ఊరివాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయిన పదహారు మంది పేర్లూ ఊళ్లోని స్మారక స్తంభం మీద ఉన్నాయి. పేర్లు నిలవాలంటే వెతికేవాళ్లుండాలి.

త్యాగాన్ని గౌరవిస్తామనే ప్రభుత్వం దరఖాస్తు కోసం కాచుక్కూర్చోకూడదు. జైలు, కోర్టు రిజిస్టర్లను తానే తిరగేసి, ఊరివారీగా పేర్లు రాయించి, ఆగస్టు 15 గ్రామసభలో చదివించాలి. పింఛను అందుకునే తరం దాదాపు వెళ్లిపోయింది. పేరుకైతే ఇంకా గడువుంది. మీ ఇంటి పెట్టెలో తాతగారి జైలు కాగితం ఉంటే నకలు తీయించి ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి.