విమానయానంలో జీపీఎస్: అదుపు, నమ్మకం

జీపీఎస్ పుట్టింది సైన్యం కోసం. అమెరికా రక్షణ శాఖ 1973లో దీన్ని తలపెట్టి, 1978లో మొదటి ఉపగ్రహాన్ని ప్రయోగించింది. పౌర విమానాలకు హామీ దక్కింది మాత్రం 1983 సెప్టెంబరు 1 నాటి ఘోరం తర్వాతే. ఆ రోజు యాంకరేజ్ నుంచి సియోల్‌కు బయల్దేరిన కొరియన్ ఎయిర్‌లైన్స్ 007లో ఆటోపైలట్ నిర్దేశిత మార్గాన్ని వదిలేసి, ఒకే అయస్కాంత దిశను పట్టుకుని పోయింది. గంటల తరబడి పైలట్లు అది గమనించలేదు. సోవియట్ గగనతలంలోకి చొరబడిన విమానాన్ని సఖాలిన్ దగ్గర యుద్ధవిమానం కూల్చేసింది. 269 మంది చనిపోయారు. జీపీఎస్ సిద్ధమయ్యాక పౌర విమానాలకూ అందిస్తామని రీగన్ ప్రభుత్వం ఆ నెలలోనే ప్రకటించింది.

అయితే ఇచ్చింది పూర్తిగా ఇవ్వలేదు. 1990 నుంచి పౌర సిగ్నల్‌లో కావాలనే తప్పు కలిపారు. సైనిక రిసీవర్లు ఆ తప్పును తీసేసుకునేవి. మిగతావారికి స్థానం 100 మీటర్ల వరకు అటూ ఇటూ అయ్యేది. నడిసముద్రం మీద అది లెక్కలోకి రాదు, రన్‌వే ముందు ప్రాణాంతకం. రక్షణ శాఖ కలిపిన తప్పును అదే ప్రభుత్వానికి చెందిన కోస్ట్ గార్డ్, నౌకల కోసం తీరం వెంట స్టేషన్లు పెట్టి సరిదిద్దింది. ఒకే ప్రభుత్వంలో ఇంత వైరుధ్యం ఎక్కువకాలం నిలిచేది కాదు. 2000 మే 1న క్లింటన్ ఆ విధానాన్ని ఆపించారు. కొత్త తరం ఉపగ్రహాల్లో ఆ ఏర్పాటే ఉండదని 2007లో అమెరికా తేల్చిచెప్పింది.

స్థానం కచ్చితంగా వచ్చినంత మాత్రాన పైలట్‌కు సరిపోదు. ఉపగ్రహం గడియారం చెడితే ఆ సంగతి వెంటనే తెలియాలి, నేల మీది కేంద్రం పసిగట్టేదాకా ఆగే వీలుండదు. అందుకే విమానంలోని రిసీవరే ఉపగ్రహాల మాటలను ఒకదానితో ఒకటి పోల్చి చూస్తుంది. స్థానం తెలియడానికి నాలుగు ఉపగ్రహాలు చాలు. వాటిలో ఏదో తప్పు చెబుతోందని గుర్తించడానికి ఐదు కావాలి, అదేదో పట్టుకుని పక్కన పెట్టడానికి ఆరు. దీనికి తోడుగా, సర్వేతో స్థానం కచ్చితంగా తెలిసిన నేల స్టేషన్ల కొలతల ఆధారంగా దిద్దుబాట్లు, హెచ్చరికలు పంపే వాస్ వ్యవస్థను అమెరికా 2003లో ప్రారంభించింది.

భారత్ అదే పనికి గగన్‌ను నిర్మించుకుంది. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి చేసిన ఈ పని తేలిక కాదు. భూమధ్యరేఖకు దగ్గరగా వాతావరణం పైపొర అయిన అయనోస్ఫియర్ అల్లకల్లోలంగా ఉండి సిగ్నల్‌ను ఆలస్యం చేస్తుంది, ఆ ఆలస్యం గంటగంటకూ మారుతుంది. 2015 జులైలో గగన్‌ను ప్రారంభించినప్పుడు పౌర విమానయాన మంత్రి విజయనగరానికి చెందిన అశోక్ గజపతి రాజు. 2022 ఏప్రిల్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం గగన్ సాయంతో కిషన్‌గఢ్‌లో దిగింది.

గగన్ తీర్చలేని బెడద ఒకటుంది. 20,000 కిలోమీటర్ల పైనుంచి వచ్చే సిగ్నల్ ఎంతో బలహీనం, నేల మీది చిన్న ట్రాన్స్‌మిటర్ కూడా దాన్ని ముంచేయగలదు. దొంగ సిగ్నల్‌తో రిసీవర్‌ను మోసగించడమూ సాధ్యమే. యుద్ధాలు జరుగుతున్న ప్రాంతాల చుట్టుపక్కల ఇలాంటి జోక్యం పెరగడంతో, భారత విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2023 నవంబరులో విమానయాన సంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 2024లో ఫిన్‌ఎయిర్ ఎస్టోనియాలోని టార్టుకు నెల రోజులు విమానాలు ఆపేసింది, అక్కడ దిగడానికి జీపీఎస్ తప్ప వేరే ఆధారం సిద్ధంగా లేక. నేల మీది పాత రేడియో స్టేషన్లను అమెరికా కొంత తగ్గించినా, జీపీఎస్ పోతే విమానాలు దిగేందుకు చాలినన్ని ఉంచుకుంది.