యాభై అయిదు నుంచి అరవై రెండు దాకా

మనిషి ఏ వయసులో పని మానాలి? తెలుగునేల మీద ప్రభుత్వోద్యోగులకు సంబంధించి ఈ ప్రశ్నకు గత కొన్ని దశాబ్దాల్లో జవాబు చాలాసార్లు మారింది.

బ్రిటిషు కాలం నుంచి వచ్చిన హద్దు 55. కేంద్రం 1962లో దాన్ని 58 చేసింది. ఆంధ్రప్రదేశ్ 1979లో ఆ దారి పట్టింది. 1983 జనవరిలో గద్దెనెక్కిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం నెల తిరగగానే దాన్ని మళ్లీ 55కు దించింది. పెద్దలు తప్పుకుంటేనే యువతకు కొలువులన్నది వాదన. ఆ ఫిబ్రవరి నెలాఖరుకే వేలాదిమంది ఇంటిదారి పట్టారు. ఇంకా మూడేళ్ల జీతం వస్తుందన్న ధీమాతో పిల్లల చదువులు, పెళ్లిళ్లు తలకెత్తుకున్న కుటుంబాలకు అది పెద్ద దెబ్బ. 1984 ఆగస్టులో నాదెండ్ల భాస్కరరావు ప్రభుత్వం 58ని తిరిగి తెచ్చింది. తగ్గింపు చెల్లుతుందని 1985 జనవరిలో చెప్పిన సుప్రీంకోర్టే, మధ్యలో ఇంటికి పంపినవారికీ పెంపు వర్తించాలని అదే ఏడాది మరో తీర్పులో తేల్చింది.

ఆ తర్వాత అంకె పైకే పోయింది. కేంద్రం 1998లో 60 చేసింది. విభజన జరిగిన 2014లోనే ఆంధ్రప్రదేశ్ 60కి చేరింది. తెలంగాణ 2021లో 58 నుంచి 61కి, ఆంధ్రప్రదేశ్ 2022లో 62కి పెంచాయి. ఈ చివరి రెండు పెంపులూ పీఆర్‌సీ (వేతన సవరణ) ఫిట్‌మెంట్‌తో పాటే వచ్చాయి. రిటైరయ్యేవారికి ఒక్కసారిగా చెల్లించాల్సిన సొమ్ము వాయిదా పడి ఖజానాకు ఊపిరాడింది. ఉద్యోగాల కోసం చదువుకుంటున్నవారి నిరీక్షణ పెరిగింది.

ఈ చరిత్రలో అసలు చోటే దక్కనివారు ఎక్కువమంది. కౌలురైతుకు, నాట్లు వేసే కూలీకి, చేనేత కార్మికుడికి విరమణ తేదీ ఏ జీవోలోనూ లేదు. ఉపాధి హామీ పనికీ గరిష్ఠ వయసు లేదు. తెలంగాణలో 2019 నుంచి 2,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 4,000 రూపాయలు అందుతున్న వృద్ధాప్య పింఛనే వారికి ఆసరా. అది చాలనివారు ఒంట్లో ఓపిక ఉన్నా లేకపోయినా పనికి పోవాల్సిందే.

ఈ ప్రశ్న ముందుముందు ఇంకా పెద్దదవుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సంతాన సాఫల్య రేటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా స్థిరంగా నిలవాలంటే 2.1 కావాలి. అంటే పెద్దల వాటా ఇంకా పెరుగుతుంది. ఇన్నాళ్లూ నిరుద్యోగం, ఖజానా లెక్కలే విరమణ వయసును నిర్ణయించాయి. ఇకనైనా ఒంటికి తగ్గ పని, పని మానేశాక గౌరవంగా బతికేంత పింఛను ప్రాతిపదిక కావాలి. పని చేయగలిగిన పెద్దలకు అవకాశం ఎంత న్యాయమో, చేయలేనివారికి విశ్రాంతీ అంతే న్యాయం. ఆ రెండో హక్కు దక్కాల్సింది ముందుగా కూలీకే.