హృద్రోగ చరిత్రలో స్త్రీ

గుండెజబ్బు మగవారి జబ్బు అనే మాట వైద్యలోకంలో సైతం చాలాకాలం చెల్లింది. అది మూఢనమ్మకం కాదు; కంటితో చూచి చెప్పిన మాటే. అయితే చూచినంతవరకే నిజమైన మాటను సంపూర్ణ సత్యంగా తలచినందువల్ల కలిగిన నష్టం స్వల్పం కాదు.

1772లో లండను వైద్యుడు విలియం హెబర్డెన్ నడిచేటప్పుడు ఛాతీని నొక్కిపట్టి, నిలబడగానే తగ్గే బాధను వర్ణిస్తూ ఒక వ్యాసం ప్రచురించాడు. దానికి ఆయన పెట్టిన ఆంజైనా అనే పేరు నేటికీ వాడుకలో ఉన్నది. తాను చూచిన ఇంచుమించు నూరుమంది రోగులలో స్త్రీలు ముగ్గురేనని ఆయన వ్రాసుకున్నాడు. ఈ విధమైన లెక్కలు నాటిన భావం ఇరవయ్యవ శతాబ్దిలోనూ తొలగలేదు. 1964లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో గుండెజబ్బును గురించి స్త్రీలకొక సభ జరిగింది. దాని పేరు 'హృదయాలు, భర్తలు'. అక్కడ వారికి బోధించినది భర్తల గుండెలను కాపాడే విధానం!

అప్పటికే మరొక సాక్ష్యం సిద్ధమవుతున్నది. 1948లో మాసచూసెట్స్ రాష్ట్రపు ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో మొదలైన పరిశోధనలో 5,209 మందిని ఏండ్ల తరబడి పరీక్షించారు. వారిలో సగానికి మించి స్త్రీలే. రక్తపోటు, కొలెస్టరాల్, పొగత్రాగడం ఉభయులకూ శత్రువులేనని తేలింది. స్త్రీకి వ్యాధి కొన్నేండ్లు ఆలస్యంగా వస్తుందే కాని రాకమానదు. మధుమేహం ఆ వెసులుబాటును సైతం చాలావరకు హరిస్తుంది.

అయినా మందుల పరీక్షలు చాలావరకు పురుషులపైనే సాగినవి. స్త్రీని కాపాడుతున్నది ఈస్ట్రోజెన్ అని తలచి, 1960లలో దానిని గుండెపోటు వచ్చిన పురుషులకే ఇచ్చి చూచారు! మేలు కలుగకపోగా కీడు కనిపించి ఆపివేశారు. గుండెపోటును నివారించడంలో ఆస్పిరిన్ ప్రయోజనాన్ని 1989లో ప్రకటించిన ప్రసిద్ధ పరిశోధనలో పాల్గొన్న 22,071 మంది వైద్యులూ పురుషులే.

1991లో హృద్రోగ నిపుణురాలు బెర్నడీన్ హీలీ ఈ అన్యాయాన్ని ఎత్తిచూపింది. చదువుకోసం పురుషవేషం వేసిన యెంటిల్ అనే కథానాయికతో ఆమె స్త్రీరోగిని పోల్చింది. తన జబ్బు పురుషుని జబ్బువంటిదేనని రుజువైతే తప్ప ఆమెకు సమానమైన చికిత్స దొరకదని ఆమె వాదం. ఆ యేడే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు అధిపతియై, స్త్రీల ఆరోగ్యంపై బృహత్తర పరిశోధనకు పూనుకున్నది. ముట్లుడిగిన స్త్రీలకు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఇవ్వడం గుండెకు రక్ష కాదని 2002లో ఆ పరిశోధనే తేల్చింది. 2005లో 39,876 మంది స్త్రీలపై జరిగిన మరొక పరీక్ష ఫలితం వెలువడింది: ఆస్పిరిన్ వారిలో పక్షవాతాన్ని కొంత తగ్గించినా, మొత్తంమీద మొదటి గుండెపోటును తగ్గించలేదు. పురుషులలో వచ్చిన ఫలితాన్ని స్త్రీలకు అరువు ఇవ్వరాదని దీనివల్ల స్పష్టమైంది.

మనదేశంతో సహా 52 దేశాలలో జరిగి 2004లో వెలువడిన పరిశోధన ప్రకారం, మొదటి గుండెపోటు స్త్రీలకు పురుషులకన్న సుమారు తొమ్మిదేండ్లు ఆలస్యంగా వస్తున్నది. ఆలస్యం అభయం కాదు. స్త్రీలలోనూ ఛాతీనొప్పే ముఖ్య లక్షణం. దానితోపాటు ఆయాసం, వాంతి, వెన్నునొప్పి, దవడనొప్పి, అకారణమైన నిస్సత్తువ తరచు కనిపిస్తాయి. ఇంటి ఇల్లాలు ఇటువంటి బాధ చెప్పుకొన్నప్పుడు పనిభారమనో పైత్యమనో సరిపెట్టక, వెంటనే వైద్యుని వద్దకు తీసుకొనిపోవడం విజ్ఞుల కర్తవ్యం.