పట్టు, పూత, కాపడం: ఔషధలేపన చరిత్రకు తెలుగు పదాల సాక్ష్యం

నొప్పికీ వాపుకూ శరీరంపై వాడిన మూలికల చరిత్రను సంస్కృత వైద్యగ్రంథాల ఆధారంగా నిర్మించడం పరిపాటి. ఇంటివైద్యంలోని తెలుగు పదాలకు కూడా ఆ చరిత్రలో సాక్ష్యవిలువ ఉందని చూపడం ఈ వ్యాసోద్దేశం.

సుశ్రుతసంహిత సూత్రస్థానం 18వ అధ్యాయం లేపాలను మూడుగా విభజించింది. చల్లగా, పలుచగా ఉండేది ప్రలేపం, వెచ్చగా గాని చల్లగా గాని దళసరిగా వేసేది ప్రదేహం, నడిమిది ఆలేపం. రోమాలకు ఎదురుదిశలో పూస్తే మందు రోమకూపాల ద్వారా లోనికి చేరుతుందనీ, ఎండిన లేపం నిష్ప్రయోజనమే కాక బాధాకరమనీ ఆ గ్రంథం చెబుతుంది. వాపును అదిమి ఉంచవలసిన చోట మాత్రం ఎండనివ్వవచ్చునని మినహాయింపు ఇచ్చింది.

తెలుగువారి ఇళ్లలో బెణుకుకు వేసే పసుపు-సున్నం పట్టును ఎండి బిగుసుకొనేదాకా ఉంచుతారు. దీన్ని శాస్త్రనియమం తెలియని అలవాటుగా భావించడం తొందరపాటు. ‘పట్టు’ అనే పేరులోనే బిగింపు ఉంది. దీనికి భిన్నంగా, గంధపు ‘పూత’లో పలుచదనం, వావిలాకు ‘కాపడం’లో వేడి, ఆముదపాకు ‘కట్టు’లో బంధనం ప్రధానాలు. ఈ పదాలు మూలికను గాక, దాన్ని ప్రయోగించే తీరును వర్గీకరిస్తున్నాయి.

ఈ సామ్యం గ్రంథప్రభావాన్ని రుజువు చేయదు. గృహానుభవమూ గ్రంథానుశాసనమూ ఒకే విచక్షణను పాటించాయని మాత్రం తెలుపుతుంది. నేటి రచనల్లో వీటన్నింటికీ ‘లేపనం’ ఒక్కటే పర్యాయమైనప్పుడు ఆ విచక్షణ మరుగున పడుతుంది. కనుక నిఘంటువులు ఈ పదాలను ప్రయోగవిధానంతో సహా నమోదు చేయడం అవసరం.