జీతము - జీవితము

తెనాలిని ఆనుకొనియున్న అంగలకుదురు కృష్ణా పశ్చిమ డెల్టాలోని గ్రామము. 1855లో బెజవాడ యొద్ద ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఈ డెల్టాయందు వరిసాగు విస్తరించినది. అట్టి సాగునకు పాలేర్లే ఆధారము. ఇట్టి గ్రామములలో పనివాని ప్రతిఫలమునకు గల పేరును ఇచట పరిశీలింతము.

'జీతము' అను మాట 'జీవితము'నకు వికృతి. బ్రదుకునకు ఆధారమైనదే జీతమని దీని భావము. ఏడాదికి కుదిరిన పాలేరునకు జీతము ధాన్యరూపమున కొలిచెడివారు. ఒడంబడికను బట్టి తిండియు, పండుగ బట్టలును, చెప్పులును లభించెడివి.

దీనిని కేవలము యజమాని ఆదరముగా భావింపరాదని మా తలంపు. గింజలకు కొలత కలదు, పనివేళకు లేదు. కోడికూత మొదలు రాత్రి పశువులకు మేత వేయువరకు పాలేరు కాలము యజమానిదే. ముందు తీసికొన్న అప్పు తీరనిచో ఆ జీతమే వెట్టిగా మారెడిది. 'వెట్టి'యు 'విష్టి'నుండి పుట్టిన మాటయే.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వారమునకు 48 గంటల పరిమితిని, ఒకనాటి సెలవును నిర్ణయించినది. అదే యేటి కనీస వేతనముల చట్టము వ్యవసాయమునుగూడ తన పట్టికలో చేర్చినది. అప్పుకై కట్టుబడిన చాకిరి 1976 చట్టముతో రద్దయినది. అయినను ఫ్యాక్టరీకి గేటును గంటయు కలవు. పాలేరు పని యజమాని వాకిటనే తెల్లవారి, అచటనే పొద్దుగ్రుంకెడిది.

కావున జీతముల చరిత్రను వ్రాయువారు ధాన్యపు కొలతలతో తృప్తి చెందరాదు. జీతము జీవితమునకు మిగిల్చిన కాలమెంతయో కూడ లెక్కింపవలెను.