భావి ఉపాధ్యాయుల తయారీ: సూత్రాలు, ప్రమాణాలు – ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు: మన దేశంలో ఉపాధ్యాయ శిక్షణ ఏ దశల గుండా వచ్చిందో వివరించగలుగుతారు, శిక్షణకు సంబంధించిన 'సూత్రం', 'ప్రమాణం' అనే రెండు భావనల మధ్య తేడా చెప్పగలుగుతారు, గిడుగు వెంకట రామమూర్తి కృషిని ఉపాధ్యాయ విద్య దృష్టితో అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

హౌరా–చెన్నై రైలు మార్గంలో పలాసకు, నౌపడకు మధ్య పూండి అనే చిన్న స్టేషను ఉంది. చుట్టూ జీడి, కొబ్బరి, పనస తోటల ఉద్దానం. చాలా ఏళ్ల క్రితం ఆ చుట్టుపక్కల ఒక ప్రాథమిక పాఠశాలలో ఛాత్రోపాధ్యాయురాలి పాఠాన్ని పరిశీలించడానికి వెళ్లాను. మొక్క భాగాల గురించి పాఠం. ఆమె జీడిగింజను చూపించి, "ఇదేమిటి?" అని అడిగింది. వెనక వరుసలోని పిల్లవాడు లేచి, "పిక్క" అన్నాడు. "పిక్క కాదు, విత్తనం అనాలి" అని ఆమె సరిదిద్దింది. వాడు కూర్చున్నాడు. పీరియడు ముగిసేదాకా మళ్లీ చెయ్యి ఎత్తలేదు.

నా చేతిలో మూల్యాంకన పత్రం ఉంది. నల్లబల్ల పని, కంఠస్వరం, బోధనోపకరణాలు, సమయపాలన – అన్నింటికీ గడులున్నాయి. అన్నింటికీ మంచి మార్కులే వేశాను. ఆ పిల్లవాడి మౌనానికి మాత్రం పత్రంలో గడి లేదు. పలాస జీడి వ్యాపారమంతా 'పిక్క' అనే మాట మీదే నడుస్తుంది. బస్తా పిక్కలంటే 80 కిలోలని ఆ ఊరి పిల్లలకు బడికి రాకముందే తెలుసు. ఆ తప్పు ఆమెది అనను. ఆమెకు మేం నేర్పనిదాన్ని ఆమె చేయలేదు.

మంచి ఉపాధ్యాయుణ్ణి తయారుచేయాలంటే దేన్ని కొలవాలి? కొలతకు అందనిదాన్ని ఎలా నేర్పాలి? ఈ రెండు ప్రశ్నలను మనసులో పెట్టుకొని చరిత్రలోకి వెళదాం.

2. వీధిబడి నుంచి నార్మల్ స్కూలు దాకా

పూర్వం మన ఊళ్లలో పంతులు కావడానికి ప్రత్యేక శిక్షణ లేదు. వీధిబడిలో పెద్ద పిల్లలు చిన్న పిల్లల చేత అక్షరాలు దిద్దించేవారు. అలా దిద్దించినవారిలో కొందరు తరువాత పంతుళ్లయ్యేవారు. 1789 నుంచి మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్ ఈ పద్ధతిని గమనించి, తన ఆశ్రమంలో అమలు చేసి, 1797లో లండనులో దాని మీద పుస్తకం ప్రచురించాడు. ఇంగ్లండులో అది 'మద్రాసు పద్ధతి'గా పేరు పొందింది. పనిచేస్తూ పని నేర్చుకోవడం అనే సూత్రం మన అరుగుల మీద అప్పటికే ఉందని దీన్నిబట్టి మీరు గ్రహించవచ్చు. దాని లోపం కూడా స్పష్టమే. తాను నేర్చుకున్న తీరునే తిరిగి నేర్పడం తప్ప, అది సరైనదా కాదా అని ఆలోచించే అవకాశం అందులో తక్కువ.

1854లో వచ్చిన వుడ్ తాఖీదు ఉపాధ్యాయులకు శిక్షణ పాఠశాలలు అవసరమని చెప్పింది. 1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు వెలిసింది. సైదాపేటలోని ఉపాధ్యాయ కళాశాలకు అదే మూలం. 1882 నాటి హంటర్ కమిషన్ మరో అడుగు ముందుకు వేసి, బోధన సిద్ధాంతాల్లోనూ ఆచరణలోనూ పరీక్ష పెట్టాలని, మాధ్యమిక పాఠశాలల్లో శాశ్వత ఉద్యోగానికి ఆ ఉత్తీర్ణత అవసరం కావాలని సిఫారసు చేసింది. ఉపాధ్యాయ వృత్తికి 'ప్రమాణం' అనే భావన మన దేశంలో ఇక్కడ బలపడింది. 1904లో కర్జన్ ప్రభుత్వం చేసిన విద్యా విధాన తీర్మానం, ప్రతి శిక్షణ కళాశాలకు అనుబంధంగా అభ్యాస పాఠశాల ఉండాలంది. కళాశాలలో నేర్చుకున్న పద్ధతులను బడిలో చేరగానే వదిలేయకుండా చూడాలని కూడా హెచ్చరించింది. ఈ హెచ్చరిక నేటికీ పాతబడలేదు.

3. పర్లాకిమిడిలో ఒక ఉపాధ్యాయుడు

పూండి పక్కనున్న నౌపడ నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు మార్గం పడింది. ఆ ఊళ్లోనే, రాజావారి పాఠశాలలో, 1880 నుంచి గిడుగు వెంకట రామమూర్తి ఉపాధ్యాయుడిగా ఉన్నారు. ఆయన 1863 ఆగస్టు 29న ఈ జిల్లాలోని పర్వతాలపేటలో జన్మించారు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా మీరు ఆయనను ఎరుగుదురు. ఇక్కడ మాత్రం ఉపాధ్యాయుడిగా చూద్దాం.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు నివసిస్తారు. వారి పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు వారి భాష తనకు రావాలని గిడుగు నిశ్చయించుకున్నారు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని ఇంట్లోనే ఉంచుకొని ఆ భాష నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాశారు, బడులు పెట్టించారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణ గ్రంథం వెలువడింది. ఆ తరువాత నిఘంటువు కూడా వచ్చింది. ఇక్కడి క్రమాన్ని గమనించండి. పిల్లవాడు మన భాషలోకి రావడానికి ముందే ఉపాధ్యాయుడు పిల్లవాడి భాషలోకి వెళ్లాడు.

తెలుగు విషయంలోనూ ఆయన ప్రశ్న తరగతి గదిలోనే పుట్టింది. పాఠశాలల పర్యవేక్షకుడిగా వచ్చిన జె. ఎ. యేట్స్, తెలుగువారు మాట్లాడే భాషకు, బడిలో నేర్పే భాషకు ఇంత దూరం ఎందుకని అడిగాడు. గిడుగు ఆ ప్రశ్నను వదిలిపెట్టలేదు. హెన్రీ స్వీట్, ఒట్టో యెస్పర్సన్ వంటి భాషావేత్తల రచనలు చదివి, జీవద్భాష ద్వారానే బోధన సాగాలని వాదించారు. విశాఖపట్నంలో కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న పి. టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ అప్పారావు ఈ కృషిలో కలిసివచ్చారు. 1911లో ఉద్యోగ విరమణ చేశాక కూడా గిడుగు ఊరూరా తిరిగి ఉపాధ్యాయులతో చర్చించారు. 1919లో 'తెలుగు' పత్రిక నడిపారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆ ఊరు విడిచి వచ్చారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఏ మూల్యాంకన పత్రమూ గిడుగును సవర నేర్చుకోమనలేదు. అది ఆయన తనకు తాను విధించుకున్న నియమం.

4. స్వతంత్ర భారతంలో ప్రమాణాలు

కొఠారి కమిషన్ (1964–66) శిక్షణ సంస్థల ఒంటరితనాన్ని ప్రధాన లోపంగా గుర్తించింది. అవి విశ్వవిద్యాలయాలకు, పాఠశాలలకు, ఒకదానికొకటి కూడా దూరంగా ఉన్నాయంది. 1973లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి సలహా సంస్థగా ఏర్పడింది. 1986 జాతీయ విద్యా విధానం ఫలితంగా జిల్లా విద్యా శిక్షణ సంస్థలు, అంటే మనం డైట్ అని పిలిచేవి, వచ్చాయి. శ్రీకాకుళం జిల్లాకు వమరవల్లిలో ఉన్నది అటువంటిదే. 1993 చట్టంతో జాతీయ మండలికి చట్టబద్ధ అధికారం లభించి, 1995 నుంచి అమలులోకి వచ్చింది.

విద్యాహక్కు చట్టం (2009) ఉపాధ్యాయులకు కనీస అర్హతలను తప్పనిసరి చేసింది. 2010 ఆగస్టులో మండలి ప్రకటనతో ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) వచ్చింది. అర్హత లేకుండా అప్పటికే పనిచేస్తున్నవారికి 2017 సవరణ ద్వారా 2019 మార్చి 31 దాకా గడువు ఇచ్చారు. వారిలో ఎందరో దూరవిద్య ద్వారానే డిప్లొమా పూర్తిచేశారు. జస్టిస్ జె. ఎస్. వర్మ కమిషన్ 2012లో అనేక ప్రైవేటు శిక్షణ సంస్థల నాసిరకం స్థితిని బయటపెట్టింది. తరువాత 2014 నిబంధనలు బి.ఇడి.ని రెండేళ్లకు పెంచి, పాఠశాల ఇంటర్న్‌షిప్‌ను 20 వారాలు చేశాయి. 2020 జాతీయ విద్యా విధానం 2030 నాటికి నాలుగేళ్ల సమీకృత బి.ఇడి.ని కనీస అర్హతగా నిర్దేశించింది. ఉపాధ్యాయులకు జాతీయ వృత్తి ప్రమాణాలు రూపొందించాలని కోరింది.

5. సూత్రం, ప్రమాణం

'ప్రమాణం' అంటే కొలవగలిగిన కనీస స్థాయి. ఇన్ని ఏళ్ల కోర్సు, ఇన్ని వారాల అభ్యాసం, ఫలానా పరీక్షలో ఉత్తీర్ణత. 'సూత్రం' అంటే ఆ ప్రమాణం ఎందుకు పెట్టామో చెప్పే కారణం. పై చరిత్రలో నాలుగు సూత్రాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఒకటి, ఉపాధ్యాయుడికి తన విషయం మీద పట్టు ఉండాలి. రెండు, పిల్లల భాష, పరిసరాలు తెలిసి ఉండాలి. మూడు, సిద్ధాంతం, ఆచరణ నిజమైన బడిలోనే కలవాలి. నాలుగు, ఉపాధ్యాయుడు చివరిదాకా విద్యార్థిగానే ఉండాలి.

గిడుగువంటివారికి ప్రమాణాలు అవసరం లేదు కాబట్టి ఎవరికీ అవసరం లేదని మీరు అనుకోవచ్చు. అది పొరపాటు. ప్రమాణం లేనిచోట మొదట నష్టపోయేది పేద పిల్లవాడే. ఉన్నవారు పిల్లలను మరో బడికి మార్చుకోగలరు. జీడి పరిశ్రమలో కూలికి వెళ్లే తల్లి మార్చలేదు. ఆమె బిడ్డకు దొరికే ఉపాధ్యాయుడు కనీసం శిక్షణ పొందినవాడై ఉండాలనేదే చట్టం ఇచ్చే హామీ. అయితే ఆ హామీ తరగతి గది గుమ్మం వరకే వస్తుంది. లోపల జరిగేది సూత్రాన్ని ఎంత అర్థం చేసుకున్నామనేదాన్ని బట్టి ఉంటుంది. ఇరవై వారాల ఇంటర్న్‌షిప్‌లో 'పిక్క' అన్న పిల్లవాణ్ణి వినడం నేర్పకపోతే, వారాలు పెరిగినా ఫలితం పెరగదు.

ఆ రోజు ఏం చేసి ఉండాల్సింది? "అవును, పిక్క. దీన్ని నాటితే ఏమవుతుంది?" అని అడిగి ఉంటే చాలు. 'విత్తనం' అనే మాట దాని వెంటే వచ్చేది. వాడి మాట పోయేది కాదు, పుస్తకం మాటా వచ్చేది.

6. సారాంశం

వీధిబడి అనుకరణ నుంచి చట్టబద్ధ అర్హతల దాకా మన ఉపాధ్యాయ శిక్షణ సుదీర్ఘ ప్రయాణం చేసింది. ప్రమాణాలు పిల్లలందరికీ కనీస రక్షణ ఇస్తాయి; సూత్రాలు ఆ ప్రమాణాలకు అర్థాన్నిస్తాయి. పిల్లవాడి భాష తెలుసుకోవడం ఉపాధ్యాయుడి తయారీలో మొదటి మెట్టని పర్లాకిమిడి అనుభవం చూపుతుంది. మీలో రేపు ఉపాధ్యాయులు కాబోయేవారు, మీ ఊరి పిల్లలు ఇంట్లో వాడి బడిలో వాడని మాటలు ఒక ఇరవై రాసి పెట్టుకోండి. మీ మొదటి పాఠ్య ప్రణాళిక అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వీధిబడి పద్ధతిలోని బలం, లోపం ఏమిటి?
2. హంటర్ కమిషన్, కొఠారి కమిషన్ సిఫారసులను పోల్చండి.
3. గిడుగు సవర భాషా కృషిలో మీకు కనిపించే బోధన సూత్రాలను మీ ప్రాంతం ఉదాహరణలతో వివరించండి.