టీ కప్పుతో అలెగ్జాండ్రియాకి

మధ్యాహ్నం వంటింటి పని అయ్యాక, పిల్లాడు స్కూలు నుంచి వచ్చేలోగా నాకు దొరికేవి రెండు గంటలు. ఈ మధ్య ఆ రెండు గంటలూ నేను ఇంట్లో ఉండటం లేదు.

జోడి టేలర్ అనే ఇంగ్లీషు రచయిత్రి రాసిన సెయింట్ మేరీస్ నవలలు చదువుతున్నాను. మొదటిది 2013లో వచ్చింది. ఇంగ్లండులో ఒక చరిత్ర పరిశోధన సంస్థ. అక్కడివాళ్లు పాత రాతి గదుల్లా కనిపించే యంత్రాల్లో వెనక్కి వెళ్లి, జరిగింది కళ్లారా చూసి రాసుకొస్తారు. దాన్ని టైమ్ ట్రావెల్ అంటే మాత్రం వాళ్ల పెద్దాయనకి ఒళ్లుమంట. మన 'ఆదిత్య 369'లో హీరో వెంట హీరోయిన్ రాయలవారి కాలానికి వెళ్లింది కదా, ఇక్కడ అందర్నీ వెంటేసుకుని వెళ్లేదే హీరోయిన్. పేరు మాక్స్. నోరు ఆగదు, కాలు నిలవదు. వెళ్లిన ప్రతిచోటా ఏదో ఒకటి తగలబెట్టుకుని, మసి మొహాలతో తిరిగొచ్చి, ముందు టీ తాగుతారు. అక్కడే నాకు వాళ్లమీద ప్రేమ పుట్టింది.

ఒకటే నియమం. చూడాలి తప్ప ఏదీ మార్చకూడదు. అయితే ఎలాగూ నాశనమైపోయేదాన్ని ఆఖరి క్షణంలో తెచ్చుకోవచ్చు. అందుకే మొదటి పుస్తకంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయం కాలిపోతుంటే చుట్టలు చుట్టలుగా పుస్తకాలు మోస్తారు. అది చదువుతూ పప్పు మాడ్చాను.

తర్వాత అసలు చరిత్ర వెతికి చదివితే కథ వేరుగా ఉంది. క్రీ.పూ. 48లో సీజర్ ఓడరేవులో ఓడలు తగలబెట్టించినప్పుడు మంటలు పాకి పుస్తకాలు కాలాయంటారు. గ్రంథాలయం మొత్తం పోయిందని ప్లూటార్క్ రాశాడు. కానీ ఆ తర్వాత ఇరవై ఏళ్లకి అక్కడున్న స్ట్రాబో, ఆ పండితుల సంస్థ నడుస్తూనే ఉన్నట్టు రాశాడు. సీజర్‌కి వందేళ్ల ముందే, క్రీ.పూ. 145 ప్రాంతంలో, ఎనిమిదో టాలెమీ పండితుల్ని ఊరి నుంచి తరిమేశాడు. పపైరస్ కలకాలం ఉండేది కాదు, మన తాటాకులాగే. ఎవరో ఒకరు తిరగరాస్తూ ఉండాలి. రాసేవాళ్లు లేకపోతే నిప్పెందుకు? కల్లిమాకస్ అనే కవి 120 చుట్టల్లో రాసిన పుస్తకాల పట్టికే మనకి దక్కలేదు, అక్కడక్కడా తునకలు తప్ప.

ఇది చదివాక రెండు రోజులు మనసు బాగాలేదు. మా అమ్మమ్మకి ఒక నోటుబుక్కు ఉండేది. మంగళహారతులు, ఆవకాయ కొలతలు, పాలవాడి లెక్కలు, మధ్యలో ఎవరెవరికో పెట్టిన పసుపు కుంకుమల ఖర్చు. ఇల్లు మారేటప్పుడు అది పాత పేపర్లవాడికి వెళ్లిపోయింది. ఏ సీజరూ రాలేదు. పురికొస వేసి కట్టింది నేనే.

మొన్న పిన్నికి ఫోన్ చేసి హారతులు గుర్తున్నాయా అని అడిగాను. ఒకటి పూర్తిగా పాడింది. రెండోదానికి చివరి చరణం రాలేదు. పిల్లాడి రఫ్ బుక్కులో రాసుకుని, ఆ చరణానికి నాలుగు గీతలు ఖాళీ వదిలాను. ఈ ఆదివారం పెద్దమ్మని అడగాలి.

మూడో పుస్తకంలో మాక్స్ ట్రాయ్‌కి వెళ్తుందట. ఆ చెక్క గుర్రం సంగతి తేలేదాకా మధ్యాహ్నం పూట నాకు ఫోన్ చెయ్యకండి.